కలుపు మందు కొట్టిన పచ్చికలో క్లోవర్ ఎప్పుడు విత్తాలి?

పచ్చికలో పశువుల మేతకు చల్లిన క్లోవర్ మొదటిసారి పోయినప్పుడు నేను విత్తనాన్నే అనుమానించాను. నిజానికి మొలక బాగానే వచ్చింది. వారం తిరిగేసరికి బీజదళాలు రెండేసి చొప్పున విప్పుకుని, గడ్డి దుబ్బుల మధ్య నేలంతా పచ్చటి చుక్కలు పెట్టినట్టు కనిపించింది. మూడాకుల మొక్క అని పేరే గానీ, బీజదళాల తరువాత క్లోవర్‌కు వచ్చే మొదటి ఆకు ఒంటిరేకుగానే ఉంటుంది. నాకు తేడా కనిపించింది అక్కడే. పరచుకోవలసిన ఆ ఆకు అంచులు పైకి ముడుచుకుని చిన్న చెంచాలా నిలబడింది. కాడ మెలితిరిగింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక మొక్కను పెకలించి చూస్తే, సన్నగా కిందికి దిగవలసిన వేరు పొట్టిగా, మొద్దుగా ఉంది. మూడో వారానికి ఆ చుక్కలన్నీ మాయమయ్యాయి.

కంచె వెంబడి మూరెడు వెడల్పున మాత్రం క్లోవర్ ఏపుగా నిలిచింది. అదే సంచిలోని విత్తనం, అదే రోజు చల్లినది. కిందటి ఏడాది మందు కొట్టినప్పుడు పిచికారీ ఆ అంచుకు అందలేదు. ఆ మూరెడు పచ్చదనాన్ని చూశాకే తప్పు విత్తనానిది కాదని ఒప్పుకున్నాను.

నేను కొట్టింది అమినోపైరాలిడ్ ఉన్న మందు. ముళ్ల కలుపు ఆవులను మేయనివ్వకపోవడంతో కొట్టాను. కలుపు చచ్చింది, గడ్డికి ఏమీ కాలేదు. ఎనిమిది నెలలు ఆగాను కదా, ఇక భయం లేదనుకుని విత్తాను. అయితే ఆ ఎనిమిది నెలల్లో చాలా భాగం నేల బీటలు వారి ఉంది, మిగిలినది చలికాలం. ఇలాంటి మందులను మట్టిలో విరగ్గొట్టేది ముఖ్యంగా సూక్ష్మజీవులు. వాటికి తేమ కావాలి, వెచ్చదనం కావాలి. ఎండిన మట్టిలో, గడ్డకట్టే చలిలో అవి పని చేయవు. క్యాలెండరులో నాకు ఎనిమిది నెలలు కనిపించాయి గానీ, మట్టి పని చేసిన రోజులు అందులో చాలా తక్కువ.

మందు ఎంతకాలం ఉంటుందో చెప్పడానికి అర్ధజీవిత కాలం అనే లెక్క వాడతారు. వేసినదానిలో సగం తరిగిపోవడానికి పట్టే సమయం అది. కలుపు మందుల్లో 2,4-డికి సుమారు 10 రోజులు, డైకాంబాకు రెండు వారాలు, ట్రైక్లోపైర్‌కు నెల నుంచి నెలన్నర. పిక్లోరామ్‌కు సగటున 90 రోజులంటారు గానీ, నేలను బట్టి 20 రోజుల నుంచి 300 రోజుల దాకా మారుతుంది. సగం పోయిందంటే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అయిదు అర్ధజీవిత కాలాలు గడిచినా వంద పాళ్లలో ఇంకా మూడు పాళ్లు మిగులుతాయి. 2,4-డి అయితే అది యాభై రోజుల మాట. పిక్లోరామ్ అయితే ఏడాది దాటి మరో మూడు నెలలు. పిక్లోరామ్‌లో మిగిలే ఆ మూడు పాళ్లు గడ్డికి లెక్కలోకి రావు గానీ, క్లోవర్ మొలకను దెబ్బతీయడానికి చాలు. క్లోవర్ చిక్కుడు, బఠానీల కుటుంబానికి చెందినది. అమినోపైరాలిడ్ వంటి పైరాలిడ్ మందులకు, పిక్లోరామ్‌కు ఈ కుటుంబమంతా ఇట్టే లొంగిపోతుంది.

మెట్‌సల్ఫ్యూరాన్ అనే కలుపు మందు సంగతి వేరు. ఎకరానికి కొద్ది గ్రాములే వేస్తాం కాబట్టి ఏమీ మిగలదనిపిస్తుంది. కానీ ఆ కొద్ది గ్రాములతోనే అది కలుపును చంపుతోందని మరవకూడదు. పైగా ఆమ్ల నేలల్లో అది నీటితోనే త్వరగా విరిగిపోతుంది, క్షార నేలల్లో మొండిగా నిలిచిపోతుంది. అందుకే పొరుగు పొలంలో ఒక కాలానికే క్లోవర్ వచ్చిందంటే మన పొలంలోనూ వస్తుందని చెప్పలేం. ముందు ఉదజని సూచిక (pH), అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, చూసుకోవాలి.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు మట్టి రేణువులకు గట్టిగా అతుక్కుపోతుంది. నేలలో ఉన్నా మొలకలకు అంతగా అందదు. క్లోవర్ విషయంలో నాకు దానితో ఇబ్బంది రాలేదు.

పేడ సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. పైరాలిడ్ మందులు కొట్టిన గడ్డిని ఆవు మేస్తే ఆ మందు ఆవు కడుపులో అరిగిపోదు. పేడలో, మూత్రంలో దాదాపు అలాగే బయటికి వస్తుంది. ఎండుగడ్డిలోనూ, పేడకుప్పలోనూ నెలల తరబడి నిలుస్తుంది. 2008లో బ్రిటన్‌లో ఇలాంటి పేడ వేసిన పెరటి తోటల్లో టమాటాలు, చిక్కుళ్లు వంకరలు పోవడంతో అమినోపైరాలిడ్ మందుల అమ్మకాన్ని కొంతకాలం ఆపేశారు. నేనేమో మందు కొట్టిన పచ్చిక నుంచి ఆవులను నేరుగా క్లోవర్ ఉన్న పక్క మడిలోకి తోలాను. మూత్రం పడిన చోటల్లా గుండ్రటి బట్టతలలు తేలాయి. ఈ మందు డబ్బా మీద ఒక సూచన ఉంటుంది: అలా మార్చే ముందు మందు తగలని గడ్డిలో మూడు రోజులైనా మేపాలని. సన్న అక్షరాలే అయినా దయచేసి చదవండి.

ఇప్పుడు నేను రోజులు లెక్కపెట్టడంతో సరిపెట్టను. విత్తడానికి నెల రోజుల ముందే మట్టి తెచ్చి కుండీల్లో మొలక పరీక్ష చేస్తాను. మందు పడిన మడిలో పదిహేను చోట్ల, జానెడు లోతు వరకు మట్టి తీస్తాను. పల్లాన్ని, గట్టును, పిచికారీ మలుపు తిప్పిన చోటును వదలను, ఎందుకంటే మలుపుల దగ్గర మందు రెండు పొరలు పడుతుంది. మందు ఎన్నడూ పడని చోటి మట్టి కూడా అంతే తెస్తాను. ఈ రెండో మట్టి లేకపోతే పరీక్షకు అర్థం లేదు, మొలక నీరసంగా ఉంటే కారణం మందో చలో తేలదు. తెచ్చిన మట్టిని వేడి చేసి ఆరబెట్టకూడదు. అడుగున రంధ్రమున్న కుండీలు తీసుకున్నా, కింద పళ్లెం పెట్టి కారిన నీటిని మళ్లీ అందులోనే పోస్తాను. లేదంటే మందు నీటితోపాటు కొట్టుకుపోయి, కుండీలో అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ఒక్కో కుండీలో నాలుగు చిక్కుడు గింజలు, చిటికెడు క్లోవర్ విత్తనాలు. మూడు వారాలు చూస్తాను. చిక్కుడు బీజదళాలు విచ్చుకున్నంత మాత్రాన తొందరపడను. ఆ తరువాత వచ్చే మొదటి ఆకుల జతలో, దాని వెనుక వచ్చే మూడురేకుల ఆకుల్లో ఈనెలు సమాంతరంగా దగ్గరపడి, అంచులు గిన్నెలా లేస్తే మందు ఇంకా ఉన్నట్టే.

కలుపు మందు తప్పనిసరి అనిపించినా, క్లోవర్ ఉన్న పచ్చికలో నేను 2,4-డిబి వైపే చూస్తాను. అది మొక్క లోపల 2,4-డిగా మారితేనే చంపుతుంది. అలా మార్చుకునే శక్తి క్లోవర్‌కు చాలా తక్కువ కాబట్టి నిలదొక్కుకున్న మొక్కలు తట్టుకుంటాయి.

ఈ ఏడు కిటికీ పక్కన ఆరు కుండీలు పెట్టాను. నాలుగింటిలో చిక్కుడు ఆకులు అరచేతుల్లా తెరుచుకున్నాయి. అయిదోది మందు పడని మట్టి, అదీ అలాగే ఉంది. ఆరోది పల్లం మూలది. అందులో రెండో ఆకు ఇవాళ పొద్దున కూడా దోసిలి పట్టినట్టే ఉంది. మిగతా మడిలో వాన పదునుకు, వేరు బుడిపెల బ్యాక్టీరియా పట్టించిన క్లోవర్ విత్తనాన్ని పైపైనే చల్లి తేలికగా అదుముతాను. పల్లం మూలలో ఈసారి గడ్డినే పెరగనిస్తాను.