పేరు చూసి జత కలిపిన ఫీడు: నా అనుభవం

మాది నల్లగొండ. పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న పోచంపల్లి దగ్గరి మా అమ్మమ్మగారి ఊరిలో మా మేనమామ, ఆయన ఇరుగుపొరుగు నేసే ఇక్కత్ చీరలను (నేతకు ముందే దారానికి కట్లు కట్టి రంగు అద్దినవి) నేను మూడేళ్లుగా సొంత వెబ్‌సైటులో అమ్ముతున్నాను. పోటీ దుకాణాల ధరలను రోజూ గమనించేందుకు ఏఐ ఏజెంట్లను, అంటే చెప్పిన పనిని తామే చేసుకుపోయే ప్రోగ్రాములను, పెట్టుకునే పని నిన్నటికి ఒక దారికి వచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మొదటి దశలు తేలికగానే గడిచాయి. తొమ్మిది దుకాణాలను ఎంచుకుని, సైటులో యంత్రాలు ఎక్కడికి రావచ్చో చెప్పే ఒక్కొక్క దాని రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు చదివి, యంత్రాలు రావద్దని రాసుకున్న రెండింటిని వదిలేశాను. 1994 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిని 2022లో ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా కూడా ప్రచురించారు. వద్దన్న గడప తొక్కి చేసే వ్యాపారం నాకు అక్కరలేదు. మిగిలిన ఏడింటిలో ఐదు దుకాణాల పేజీల్లో ధర, స్టాకు వివరాలు యంత్రాలు చదవగలిగేలా గుర్తులు పెట్టే స్కీమా డాట్ ఆర్గ్ పద్ధతిలో ఉండడంతో ఏజెంటు వాటిని సులువుగా చదివింది. రోజుకు ఒక్కసారే, తెల్లవారుజామున చదవమన్నాను. మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని సైటు చెప్పే 429 అనే జవాబు వస్తే ఆ రోజుకు ఆగిపొమ్మన్నాను. కొట్టివేసిన ధరను అసలు ధరగా రాసుకోవడం వంటి తప్పులు వారంలో సర్దుకున్నాయి.

పెద్ద మార్కెట్ సైట్ల ధరల కోసం ఒక సంస్థ దగ్గర డేటా ఫీడుకు, అంటే వాళ్లే ధరలు సేకరించి పంపే పట్టికకు, ఏడాది చందా కట్టాను. నా కష్టమంతా అక్కడ మొదలైంది.

సబ్బుకైనా ఫోనుకైనా బార్‌కోడు సంఖ్య ఉంటుంది. రెండు చోట్ల సంఖ్య ఒకటైతే వస్తువూ ఒకటే. మగ్గం మీది చీరకు అది ఉండదు కనుక ఆ ఫీడు పేరునూ ఫొటోనూ చూసి జత కలుపుతుంది. పడుగు, పేక రెండింటికీ కట్లు కట్టి రంగు అద్ది మా మేనమామ నేసిన డబుల్ ఇక్కత్ పట్టుచీరకు నేను పెట్టిన ధర 18,500 రూపాయలు. ఫీడులో దాని పక్కన "అదే వస్తువు" అంటూ 1,899 రూపాయల చీర వచ్చింది. "పోచంపల్లి ఇక్కత్ సిల్క్ శారీ" అని పేరు, ఫొటోలో అవే గళ్లు, అదే ఎరుపు. ధరలు సూచించే ఏజెంటు ఆ అంకె పట్టుకుని, మీ ధర చాలా ఎక్కువ, తగ్గించండి అని వరుసగా నాలుగు రోజులు రాసింది. నేను 14,000కు దించాను. ఒకే రోజు రెండు చీరలు అమ్ముడుపోయాయి. ఆ ఊపులో మామకు ఫోన్ చేసి, ఇక ముందు మజూరి కొంత తగ్గించుకోమని అడిగాను.

ఆయన కోప్పడలేదు, ఆదివారం ఇంటికి రమ్మన్నారు. వెళ్లేసరికి మగ్గం దగ్గర మరో ఇద్దరు నేతన్నలు కూర్చుని ఉన్నారు. "పడుగుకు చిటికీలు కట్టాలె, పేకకు కట్టాలె, రెండూ నేతల కలవాలె బిడ్డా. ఎవరు చెప్పిండ్రు నీకు గా ధర?" అని మామ అడిగారు. కంప్యూటర్ చెప్పిందని అందరి ముందూ అనవలసి వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రే ఆ 1,899 రూపాయల చీరకు ఆర్డరు పెట్టాను. వచ్చాక ఎండలో పరిచి తిరగేస్తే వెనుక వైపు రంగు వెలిసిపోయి ఉంది, గడుల అంచులు స్కేలుతో గీసినట్టు ఉన్నాయి. మామ నేసిన చీరలో రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, గడి అంచున రంగు ఈక కొసలా పక్కకు జారి ఉంటుంది. అమ్మకం పేజీ అడుగున "ఆర్ట్ సిల్క్, డిజిటల్ ప్రింట్" అని రాసే ఉంది. ఫీడు ఆ వివరాన్ని తీసుకోనే లేదు.

ఆ సంస్థకు మూడు మెయిళ్లు రాశాను. మా పద్ధతి కచ్చితమైనదని ఒకటే జవాబు. ఫోనులో దొరికిన అబ్బాయి, "చూసేవాళ్లకు రెండూ ఒకటే కదా మేడమ్" అన్నాడు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అచ్చు వేసిన బట్టకు ఆ పేరు తగిలించడం ఒక అన్యాయమైతే, అదే వస్తువని పట్టికలో రాసి నా చేతికివ్వడం ఇంకో అన్యాయం. యంత్రమంటే నాకు వైరం లేదు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు తయారు చేసిన, నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పే ఆసు యంత్రం మా అత్తయ్య దగ్గరా ఉంది. ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆసు పోయడంలో చెయ్యి ఎన్నిసార్లు తిరుగుతుందో తెలిసిన మనిషి చేసిన యంత్రం అది.

చందాలో మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఫీడు కొనేవారు ఒక్క నెలకే కట్టి, ఇరవై వస్తువులను స్వయంగా సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లండి. నా ఏజెంటుకు ఇప్పుడు కొత్త నియమాలు రాశాను: దారం ఏమిటి, మగ్గమా మిషనా, సింగిల్ ఇక్కతా డబులా, జాకెట్టు ముక్కతో కలిపి పొడవెంత అన్నవి పేజీలో ఉన్న వాక్యంతో సహా చూపించాలి, చూపించలేకపోతే ధరలు పోల్చకూడదు. ధర మార్చడం నా చేతిలోనే ఉంచుకున్నాను. చీర మళ్లీ 18,500కు వచ్చింది. మజూరి తగ్గించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని ఊరికి వెళ్లి, ఆ ఇద్దరు నేతన్నల ముందే మామకు చెప్పాను.

ఈ రోజు పట్టికలో నాలుగే వరుసలు వచ్చాయి. మూడింటికి ఆధారం ఉంది. నాలుగో దాని పక్కన "నేత తెలియదు" అని ఉంది. సాయంత్రం ఆ దుకాణానికి ఫోన్ చేసి అడగాలి.