ప్లాస్టిక్ వెలుగు, కాస్త సున్నం

కరెంటు ఇస్తే వెలిగే ప్లాస్టిక్ ఉందంటే అమలాపురంలో మా డిగ్రీ పిల్లలు మొదట నమ్మరు. "ప్లాస్టిక్ అంటే వైరు మీద తొడుగే కదండీ" అంటారు.

మామూలు ప్లాస్టిక్ అంతే. పీపీవీ అనే పాలిమర్ గొలుసులో మాత్రం ఏకబంధం, ద్విబంధం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అందుకని ఎలక్ట్రాన్లు గొలుసు వెంట కదలగలవు. కేంబ్రిడ్జిలో బరోస్, బ్రాడ్లీ, ఫ్రెండ్ బృందం దాన్ని పలుచని పొరగా చేసి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పెట్టి కరెంటు ఇస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగు వచ్చింది. 1990లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఇలాంటి పొరల మందం సుమారు 100 నానోమీటర్లు. ఒకవైపు నుంచి ఎలక్ట్రాను, రెండోవైపు నుంచి హోల్, అంటే ఎలక్ట్రాను ఉండాల్సిన చోట ఖాళీ, వచ్చి పొరలో కలుసుకుంటే వెలుగు.

అది ఎలా ఆరిపోతుందో చెప్పడమంటే నాకు ఇంకా ఇష్టం. కోనసీమ పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది కూడా. ఎలక్ట్రాన్లు పొరలోకి తేలిగ్గా దిగాలని ఒకవైపు ఎలక్ట్రోడ్‌గా కాల్షియం పూత వేస్తారు, దాని మీద అల్యూమినియం. ఎక్కడో దుమ్ము రేణువు వల్ల సూదిమొనంత కన్నం ఉంటే చాలు, చెమ్మ దూరుతుంది. కాల్షియం కాస్తా కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అంటే సంక్రాంతికి గోడలకి కొట్టే సున్నమే! దానిలోంచి ఎలక్ట్రాన్లు దిగవు.

పీహెచ్‌డీ రోజుల్లో మైక్రోస్కోపులో చూసేదాన్ని. మేం వాడిన ఎంఈహెచ్ పీపీవీ, అంటే పీపీవీలోనే ఇంకో రకం, దానిది నారింజ వెలుగు. దాని మధ్యలో ఒక నల్ల చుక్క, గంట గడిచేసరికి ఇంకాస్త పెద్ద గుండ్రం. కరెంటు ఆపి యూవీ దీపం వేస్తే ఆ నల్లబడ్డ చోటే పాలిమర్ మళ్ళీ మెరిసేది. పాడైంది పైనున్న లోహం, పాలిమర్ కాదు. ఇది చూసినప్పుడల్లా ఒళ్ళు పులకరించేది.

అందుకే వీటిని నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్సులో, అంటే బిగించిన గ్లవ్‌లలో చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టెలో, చేస్తారు. లోపల నీటి ఆవిరి పది లక్షల్లో ఒక వంతు కూడా ఉండకూడదు. శ్రావణంలో మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికల్లా అప్పడాలు మెత్తబడే ఊరు మాది.

మొన్న ఫైనలియర్ అబ్బాయి ఒకడు మూల పగిలిన ఓఎల్ఈడీ ఫోన్ (ఇలాగే కరెంటుకి వెలిగే కర్బన పొరల స్క్రీన్ ఉన్నది) తెచ్చాడు. నల్లమచ్చ పాకుతోంది. బియ్యం డబ్బాలో పెట్టాడట. ఫోన్లలో ఉండేవి పాలిమర్లు కావు, వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసి పరిచిన చిన్న అణువులు. అయినా చెమ్మ వాటికీ పడదు. చెడిన పొర ఆరబెడితే బాగుపడదురా, స్క్రీన్ మార్చాల్సిందే, ముందు నోట్సు ఫొటోలు కాపీ చేసుకో అని చెప్పాను.