మామ్మ పక్కన కూర్చుని ‘ఐ కెన్ స్పీక్’

ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగిళ్లలో సినిమాకి ఒక చిక్కుంది. మామ్మకి ఒడియా అక్షరం రాదు. మనవడు తెలుగు మాట్లాడతాడు గానీ చదివింది ఒడియా మీడియం, తెలుగు చదవలేడు. తెరమీద ఏ లిపి వేసినా ఒకరు మిగిలిపోతారు. అందుకని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి, ఎవరో ఒకరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. కిమ్ హ్యున్-సోక్ 2017లో తీసిన ‘ఐ కెన్ స్పీక్’ అలా చూడదగ్గ కొరియన్ సినిమా.

కథలో ఓక్-బున్ అనే ముసలమ్మ బజారులో బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. వార్డు ఆఫీసుకి ఆమె పెట్టిన ఫిర్యాదులు 8,000 దాకా ఉంటాయి. కొత్తగా వచ్చిన కుర్ర ఉద్యోగి మిన్-జేని ఇంగ్లీషు నేర్పమని పట్టుకుంటుంది. అతను కష్టమైన మాటలిచ్చి పరీక్ష పెట్టి వదిలించుకోబోతాడు. తన తమ్ముడికి ఆమె ఇంట్లో అన్నం పెడుతోందని తెలిశాకే మెత్తబడతాడు. ఆ స్నేహం అన్నంతో, పాఠంతో కుదిరింది, జాలితో కాదు. ఓక్-బున్‌గా నా మున్-హీ, మిన్-జేగా లీ జె-హూన్ ఇద్దరూ ఎంత బాగా చేశారో! పింఛను దరఖాస్తు మనవడి చేత ఒడియాలో రాయించుకునే మామ్మకి ఓక్-బున్ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు.

చెప్పేవాళ్లు ప్రతి ముక్కా చెప్పబోతే వెనకబడిపోతారు. ఆఫీసు కబుర్లు వదిలేసి, ఆ ఇద్దరి మాటలూ పూర్తిగా చెప్పండి. కొరియన్‌లోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి మన వాక్యం వాళ్ల పెదాలతో పాటే ముగుస్తుంది. ఇంగ్లీషులో మర్యాద కనబడదు, చెవి పెట్టి వినాలి. వాక్యం చివర ‘యో’ వినబడితే ‘అండి’ చేర్చండి. ‘హల్మొనీ’ అంటే మామ్మే.

మొదటి సగం నవ్విస్తుంది. తర్వాత ఓక్-బున్ గతం బయటపడుతుంది. జపాన్ సైన్యం చెరపట్టిన కొరియా ఆడపిల్లల్లో ఆమె ఒకతి. అక్కడ సినిమా ఆపి, 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉందని, అలా చెరపడ్డవాళ్లలో ఒకరైన కిమ్ హాక్-సున్ 1991లో ఈ సంగతి తన పేరుతో బయటపెట్టిందని చెప్పండి. ముందే చెబితే కథ పోతుంది, చెప్పకుండా సాగిస్తే మామ్మకి అందదు. ఆ జ్ఞాపకాల దృశ్యాలు చిన్నపిల్లలకి తగవు.

చెప్పేవాళ్లందరూ తప్పేది ఓక్-బున్ అమెరికా ప్రతినిధుల సభలో సాక్ష్యం చెప్పే చోట. ఓక్-బున్ కొరియన్ నుంచి ఇంగ్లీషులోకి మారుతుంది. మామ్మ చెవికి రెండూ పరాయి భాషలే, ఆ మార్పు తెలీదు. అర్థం తర్వాత చెప్పొచ్చు, ముందు ‘ఇప్పుడు ఇంగ్లీషులో చెబుతోంది మామ్మా’ అనండి. అంతసేపూ ఆ ముసలమ్మ నేర్చుకున్నది ఈ నాలుగు మాటల కోసమే.

అయ్యాక మామ్మ తప్పకుండా అడుగుతుంది, ‘మరి ఆల్లు తప్పొప్పుకున్నారేటి?’ అని. సభలో సాక్ష్యం నిజంగా జరిగిందే. 2007 ఫిబ్రవరి 15న లీ యోంగ్-సూ, కిమ్ కూన్-జా, డచ్చి కుటుంబంలో పుట్టిన యాన్ రఫ్ ఓహెర్న్ చెప్పారు. జపాన్ ప్రభుత్వం తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాలని జులై 30న ఆ సభ 121వ తీర్మానం చేసింది. అది అడగడమే, బలవంతపెట్టే చట్టం కాదు. ఆ తేడా కూడా మామ్మకి చెప్పాలి.