ముసురు రోజున వేళ్ల లెక్క

రాత్రి నుంచి ముసురు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పకముందే కీళ్లవాతం ఉన్న ఇళ్లలో తెలిసిపోతుంది: "వేళ్లు ముడుచుకోవట్లేదు, ఇవాళ వాన వదలదు."

ఆ మాటను కొట్టిపారేయడం అన్యాయం. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2,658 మంది చేత ఫోన్లలో రోజూ నొప్పి రాయించి 2019లో ఫలితాలు ప్రచురించారు. తేమ పెరిగి, గాలి పీడనం తగ్గిన రోజుల్లో నొప్పి కాస్త ఎక్కువైంది. కాస్తే. పీడనం ఒక్కటే కారణమైతే లెక్క కుదరదు. అల్పపీడనానికి విశాఖలో తగ్గేది 5, 10 హెక్టాపాస్కల్స్ (గాలి పీడనాన్ని కొలిచే లెక్క). అరకు ఘాట్ ఎక్కితే సుమారు 100 తగ్గుతుంది. అయినా కొండెక్కినవాళ్ల కీళ్లు పదింతలు నొప్పెట్టవు. చలికి కండరాలు బిగుసుకోవడం, వానకి రోజంతా కూర్చుండిపోవడం, నిద్ర చెడడం కూడా కలుస్తాయి.

పొద్దున పట్టేసిన వేళ్లకు గోరువెచ్చని నీళ్లు హాయి. మోచేత్తో వేడి చూసి, చేతులు 10 నిమిషాలు ముంచి, లోపలే మెల్లగా పదిసార్లు పిడికిలి మూసి తెరవాలి. కీలు ఎర్రగా, వేడిగా ఉబ్బి ఉంటే మాత్రం వేడి వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు.

అసలు చూడాల్సింది వాపు. పిడికిలి బిగిస్తే కణుపుల మధ్య చిన్న లోయలు కనిపించాలి. అవి పూడిపోయాయంటే లోపలి పొర వాచినట్టే. ఆ వాపు ఎండ కాశాక కూడా వారం దాకా తగ్గకపోతే తప్పు వానది కాదు, జబ్బు రేగింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. రక్తపరీక్షలకు, డాక్టరు దగ్గరకు వెళ్లాలి. "వానాకాలం కదా" అనుకుంటూ నెలలు గడిపేస్తే కీలు అరిగిపోతుంది, అది మళ్లీ రాదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

నొప్పి ఎక్కువైందని కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర ఇంకోటి వేసుకోకూడదు. అది వారానికి ఒక్క రోజు మందు. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ముసురులో జ్వరమొస్తే డెంగీ కావచ్చు, చికున్‌గున్యా కావచ్చు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆపి, ఆ వారం మెథోట్రెక్సేట్ వేయాలో వద్దో డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి.

రాత్రికి నోట్‌బుక్‌లో నాలుగు గడులు: పొద్దున పట్టు ఎన్ని నిమిషాలు, నొప్పి పదికి ఎంత, వాచిన కీళ్లు ఎన్ని, వాన ఉందా లేదా. వాన గడి చివర్నే ఉండాలి.