సంగటి పొయ్యి మాత్రం వెనక గదిలో

పూణేలో నేను అద్దెకుండే ఇంట్లో వంటగది గట్టు నల్లరాయిది. ఓనరు దాన్ని 'కడప్పా' అంటాడు. పూణే, ముంబైలలో పాత ఇళ్లల్లో ఎక్కడ చూసినా ఆ గట్టే, ఆ మాటే. అది ఒక ఊరి పేరని మాత్రం చాలామందికి తెలీదు, మా ఓనరుకి నేను చెప్పేదాకా ఆయనకీ తెలీదు. మా మామ తాడిపత్రిలో ముప్పై ఏళ్లు ఆ నాపరాళ్లకే పాలిష్ పట్టించి లారీలకెక్కించాడు. కాబట్టి మొన్న సెలవులకి వచ్చినప్పుడు, కడపలో మా వదిన వాళ్ల గృహప్రవేశానికి మామతో కలిసి వెళ్తూ, ఈసారి నిన్ను ఒక మంచి హోటలుకి తీసుకుపోతా, వంటవాళ్లు మన కళ్ల ముందే వండుతారు చూడు అని మాటిచ్చాను. మామ అప్పుడే అడిగాడు, "మనం తినేదానికి పోతాండామా, చూసేదానికి పోతాండామా?" అని.

తాడిపత్రి నుంచి కడపకి రైల్లో రెండు గంటల పైచిలుకు. కొండాపురం దగ్గర గండికోట రిజర్వాయరు నీళ్లు కనిపిస్తే మామ కిటికీ దగ్గరికి జరిగి కూర్చున్నాడు, ఆ నీళ్ల కింద తనకి తెలిసిన ఊళ్లున్నాయి. ముద్దనూరు దాటాక థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీలు, ఆ తర్వాత ఎర్రగుంట్ల. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ములో దొంతర్లు పేర్చిన బండల్ని చూసి ఇది ఫలానా గని రాయి, ఇది కాదు అని మామ చెప్తూ పోయాడు, నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. 2016లో ఇక్కడి నుంచి నంద్యాలకి లైను పడ్డాక రాయి అటు కూడా పోతుందా అని అడిగితే, రాయి ఎప్పుడూ లారీనే నమ్ముకుంటుంది అన్నాడు.

గృహప్రవేశం గురించి పెద్దగా రాసేదేమీ లేదు. తెల్లవారుజామున పాలు పొంగాయి, పది గంటలకల్లా బంధువులు పొంగారు. మర్నాడు పొద్దున దేవుని కడపకి వెళ్లి వెంకటేశ్వరుడిని చూసుకున్నాం, ఉగాది నాడు ముస్లింలు కూడా వచ్చి కొబ్బరికాయలు కొట్టే గుడి అది. వచ్చేదారిలో ఒక బండి దగ్గర నిలబడి కారం దోసె తిన్నాం. ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఎర్రగడ్డలు వేసి నూరిన ఎర్రకారాన్ని పెనం మీదున్న దోసెకే పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తాడు. నాకు రెండో ముద్దకే ముక్కు కారింది, పూణే నీళ్లు తాగి చెడిపోయాను అని మామ తేల్చేశాడు.

ఇక రాత్రి సంగతి. వదిన వాళ్లకి నడుములు పడిపోయాయి, రాలేమన్నారు. మామ, నేను, వదిన కొడుకు ఎనిమిదేళ్ల బుడ్డోడు, ముగ్గురం ఆటోలో వెళ్లాం. హోటలు పేరు చెప్పను, కారణం ముందుకు పోతే మీకే తెలుస్తుంది. లోపల చల్లగా ఉంది, వెలుతురు తక్కువ, హాలుకి ఒక వైపు పూర్తిగా వంటగది. నడుము ఎత్తు దాకా గట్టు, దానిపైన తందూరు దగ్గర మాత్రమే అద్దం, మిగతాదంతా తెరిచే ఉంది. వెయిటరు మమ్మల్ని సరిగ్గా దాని ఎదురు టేబుల్లో కూర్చోబెట్టాడు. అది ఆ హాల్లో గొప్ప సీటు అన్నట్టు నవ్వాడు కానీ, పది నిమిషాల తర్వాత అది ఎందుకు ఖాళీగా ఉందో తెలిసింది. వాక్‌లో ఎండుమిరపకాయలు పడగానే ఆ ఘాటు చిమ్నీలోకి పోకుండా నేరుగా మా మీదికే వచ్చింది. బుడ్డోడు ఏడు తుమ్ములు తుమ్మాడు, లెక్కపెట్టింది వాడే. ఇలాంటి వంటగదులకి అందం కంటే ముందు పొగ లాగే ఫ్యాను కావాలి, మన తాలింపు ఘాటుకి సరిపోయేంత ఫ్యాను.

మామ మెనూ ముట్టుకోలేదు. లేచి వెళ్లి గట్టు మీద బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు చూసుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఇది మన రాయి గాదబ్బీ. గ్రానైటు."

కడపలో కడప రాయి లేదా అని నాకు కొంచెం కోపం వచ్చింది, పూణే నుంచి పోయినవాడిని కదా, రోషం ఎక్కువ. మామకి మాత్రం ఏ రోషమూ లేదు. మన రాయి సున్నపురాయి, దాని మీద నిమ్మరసమో చింతపండు పులుసో పడితే తెల్లమచ్చ పడతాది, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే, గ్రానైటుకి ఆ బాధ లేదు, రోజుకి ఐదొందల మందికి వండే చోట గ్రానైటు వేయడమే సరి అన్నాడు. తన సరుకు లోపం తానే ఇంత శాంతంగా చెప్పే వ్యాపారిని నేను వేరే చూడలేదు. బహుశా అందుకే ఫ్యాక్టరీ మూతపడిందేమో, ఈ మాట ఆయన ముందు అనలేదు.

ఆర్డరు చెప్పాం. సంగటి, నాటుకోడి పులుసు రెండు ప్లేట్లు, బుడ్డోడికి నూడుల్స్, అందరికీ కలిపి ఒక చికెన్ టిక్కా, నాలుగు రొట్టెలు, ఒక పెరుగన్నం. తర్వాత చూస్తూ కూర్చున్నాం. నిజం చెప్పొద్దూ, బాగుంది. తందూరు దగ్గర ఒక పిల్లోడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, పిండిముద్దని రెండు అరచేతుల మధ్య చరిచి, గుడ్డ కట్టిన మెత్త మీద వేసి, భుజం దాకా చెయ్యి ఆ మంటలోకి దించి గోడకి కొట్టి తీసేవాడు. చేతి మీద వెంట్రుకలు లేవు వాడికి. వాక్ దగ్గరున్నాయన మంట లేపినప్పుడల్లా బుడ్డోడు చప్పట్లు కొట్టాడు, మూడోసారికి ఆయనకి విషయం అర్థమై, అవసరం లేకపోయినా ఒకసారి లేపాడు. అందరికీ పెద్దగా కనిపించే ఇంకో ఆయన, ప్లేట్లు బయటికి పోయే చోట నిలబడి, ప్రతి గిన్నెలోంచీ కొత్త చెంచాతో రుచి చూసి, చెంచాని పక్క డబ్బాలో పడేస్తున్నాడు. మామకి ఇది బాగా నచ్చింది. పెళ్లివంటల్లో గరిటె నాలిక్కి రాసుకుని మళ్లీ డేగిసాలో పెట్టేవాళ్లని ఎంతమందిని చూశానో అన్నాడు.

ఇంకోటి గమనించాను. ఆ పెద్ద చెఫ్‌కి కోపం వచ్చినప్పుడు గొంతు పెరగలేదు, తగ్గింది. తప్పు చేసినవాడి చెవి దగ్గరికి వెళ్లి నవ్వుమొహంతో ఏదో అంటున్నాడు, వినేవాడి మొహం మాత్రం మాడిపోతోంది. అంతమంది చూస్తుంటే ఎవరూ గోక్కోరు, తుమ్మరు, మెడ మీద చెమట తుడుచుకోవాలన్నా వెనక్కి తిరిగి తుడుచుకుంటారు. ఎనిమిది గంటలు అలా ఉండాలంటే వంట కంటే అదే కష్టం అనిపించింది.

అంతలో తందూరు పిల్లోడి ఊచ మీద నుంచి ఒక రొట్టె జారి కింద పడింది. వాడు వంగి తీసుకుని, తల ఎత్తి హాలు వైపు చూశాడు. సరిగ్గా మా ముగ్గురి కళ్లూ వాడి మీదే ఉన్నాయి. ఒక్క క్షణం అలాగే ఉండి రొట్టెని చెత్తబుట్టలో వేశాడు.

"మనం చూడకపోయింటే?" అన్నాడు మామ.

"అప్పుడైనా పారేసేవాడే" అన్నాను. నిజంగా అనుకునే అన్నానా అంటే చెప్పలేను. వాడు తల ఎత్తకుండా పారేసి ఉంటే నాకు ఈ అనుమానమే వచ్చేది కాదు.

టిక్కా వచ్చింది, అంచులు మాడి లోపల మెత్తగా, పేరు పెట్టడానికి లేదు. రొట్టెలు వచ్చాయి. నూడుల్స్‌లో బుడ్డోడు క్యారెట్టు ఏరి నా ప్లేట్లో పెట్టడం కూడా అయింది. అప్పుడు సంగటి వచ్చింది. నల్లటి పింగాణీ పళ్లెంలో టెన్నిస్ బంతంత గుండ్రంగా రెండు ముద్దలు, పైన ఒక కొత్తిమీర రెమ్మ. వేలు పెడితే పైన తోలు కట్టింది, లోపల గోరువెచ్చన కూడా లేదు. నాటుకోడి పులుసు వేడిగానే ఉంది, మసాలా కూడా సరిగ్గానే ఉంది, పక్కన పెట్టిన చెనక్కాయల ఊరిబిండి అయితే మా అమ్మ చేసినట్టే ఉంది. కానీ చల్లారిన సంగటిని పులుసులో ముంచితే పులుసు దానికి అంటదు, జారిపోతుంది. మామ ఒక ముద్ద మింగి, వంటగది వైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఇంతసేపు చూస్తాండాం గదా, సంగటి ఎవరు కెలికినారు? యాడ కెలికినారు?"

నేనూ చూశాను. నిజమే. మా ఎదురుగా ఉన్నవి తందూరు, వాక్‌లు, ఒక పిజ్జా పొయ్యి. సంగటి లేదు, పులుసు లేదు, ఊరిబిండి నూరే రోలో మిక్సీయో అదీ లేదు. కడపలో కూర్చుని కడప జనానికి కళ్ల ముందు వండి చూపించేది టిక్కా, నూడుల్స్. వాళ్లు రోజూ తినేది మాత్రం ఎక్కడో తలుపు వెనకాల. నాకు అసలు కోపం అప్పుడొచ్చింది, సంగటి చల్లగా ఉన్నందుక్కూడా కాదు. మన వంట చూడ్డానికి బాగోదని ఎవరో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని గీత గీసినట్టుంది.

వెయిటరుని పిలిచి చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాననుకుంటా, ఆ పెద్ద చెఫ్ గట్టు దాటి వచ్చాడు. ఆయనది ఉత్తరాఖండ్ అట, నేను హిందీలో మాట్లాడేసరికి మొహం వికసించింది. సంగటి సాయంత్రం ఒకేసారి చేసి హాట్ బాక్సులో పెడతామని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఇప్పుడే చేయిస్తాను, ఇరవై నిమిషాలు ఆగగలరా అన్నాడు. మామకి హిందీ రాదు, అయినా విషయం అర్థమై, ఆగుతాం గానీ నేను చూడాల అన్నాడు. నేను నసుగుతూ అనువాదం చేశాను. చెఫ్ ఒక క్షణం ఆలోచించి, మామ నెత్తిన ఒక కాగితం టోపీ పెట్టి వెనక తలుపు తీశాడు. నాకూ ఒకటిచ్చాడు. బుడ్డోడు మంటల దగ్గరే ఉంటానన్నాడు, వెయిటరు వాడికి కాపలా.

వెనక గది ముందుదానికంటే చిన్నది, వేడి ఎక్కువ, ట్యూబులైటు. అక్కడ ఒక పెద్దామె ఉంది, చీర కొంగు నడుముకి దోపి. ఎసట్లో బియ్యం మెత్తగా ఉడికి ఉంటే, రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టింది. పిండి ఆవిరికే ఉడకాలంట, తొందరపడి కలిపితే ఉండలు కడతాయంట. కాసేపయ్యాక గిన్నెని కిందికి దించి, రెండు కాళ్ల మధ్య ఒక చట్రంలో బిగించి, తెడ్డు రెండు చేతులతో పట్టుకుని కెలకడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తర్వాత ఒళ్లంతా వంచి, ఒక్క ఉండ మిగలకుండా. ముందు హాల్లో లేచే మంటలన్నీ ఒక ఎత్తు, ఆమె భుజాలు ఒక ఎత్తు. మామ ఆమెను చూడట్లేదు, గిన్నె కింద చూస్తున్నాడు. అక్కడ నేల మీద ఒక నాపరాయి పలక వేసుంది, అరిగి నున్నగా, మధ్యలో కొంచెం గుంట పడి.

"ఇది మనదే" అన్నాడు.

ఆమె తల ఎత్తకుండానే "ఇంటి కాడి నుంచి తెచ్చుకుంటి. ఈ గ్రానైటు మీద గిన్నె జారుతాది" అంది.

ఏ ఊరి రాయి, ఎక్కడి గని అని మామ అడగడం, ఆమె ఎర్రగుంట్ల పక్కన తన పుట్టినూరు పేరు చెప్పడం, ఇద్దరూ ఎవరెవరి గనులో తవ్వుకోవడం, ఇదంతా నడుస్తుండగా నేను బయటికి వచ్చేశాను. ఆ వేడిలో నిలబడలేకపోయాను. ఆమె రోజూ నిలబడుతోంది.

కొత్త సంగటి పొగలు కక్కుతూ వచ్చింది, ఈసారి గుండ్రంగా లేదు, తడిచేత్తో చరిచిన ముద్ద, ఆమె వేళ్ల గుర్తులతో సహా. మామ మధ్యలో గుంట చేసి, నెయ్యి పోయించుకుని, పులుసు పోసుకుని, మాట్లాడకుండా తిన్నాడు. నేను కూడా. నాలుక కాలింది, అయినా ఆగలేదు.

బిల్లు 2,425 రూపాయల యాభై పైసలు వచ్చింది. చూస్తే 2,100 మీద పది శాతం సర్వీసు ఛార్జీ, అంటే 210, ముందే కలిపి, దాని మీద కూడా జీఎస్టీ వేశారు. సర్వీసు ఛార్జీని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసేయమన్నాను. మేనేజరు మారు మాట్లాడకుండా తీసేశాడు, తెలిసే చేస్తున్నారన్నమాట. 2,205 కట్టాను. తగ్గిన 220లో రెండొందలు మామ జేబులోకి తోసి వెనక గదిలో ఇచ్చి రమ్మంటే, ఆయన అప్పటికే ఇచ్చేశానన్నాడు, ఎంతో చెప్పలేదు.

వెళ్లేటప్పుడు అభిప్రాయం రాయమని ఒక కాగితం ఇచ్చారు. వంట బాగుంది, ఫ్యాను మార్చండి, సంగటి పొయ్యిని, ఆ పెద్దామెని ముందు హాల్లోకి తెండి, రాయితో సహా అని రాశాను. మామ దాని కింద సంతకం చేశాడు. ఫోన్ నంబరు అని ఉన్నచోట ఆలోచించకుండా తాడిపత్రి ఫ్యాక్టరీ ల్యాండ్‌లైన్ నంబరు రాసేశాడు. అది కట్ చేయించి ఏళ్లయింది, నేను చూసి కూడా దిద్దలేదు, బుడ్డోడు అప్పటికే నా భుజం మీద నిద్రపోయాడు.