ఒరిజినలా, డూప్లికేటా?

గుంటూరులో నాన్న బుల్లెట్‌కి ఏ పార్టు పోయినా మెకానిక్ ముందు అడిగే మాట ఒకటే: "ఒరిజినల్ వెయ్యమంటారా, డూప్లికేట్ వెయ్యమంటారా?" ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో నేను 1969 నాటి ట్రయంఫ్ బోనవిల్ అనే బ్రిటిష్ మోటార్‌సైకిల్ కొన్నానని వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న కూడా అదే అడిగారు. "ఒరిజినలేనా రా?" ఇంజను ఒక అట్టపెట్టెలో, చక్రాలు ఇంకో మూల. ఆయనకు జవాబు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ముందు నంబర్లు. ఇంజను మీద, ఛాసిస్ మెడ దగ్గర ఒకే నంబరు ఉండాలి. 1969 మోడళ్ల నుంచి ట్రయంఫ్ వాళ్లు ఇంజను నంబరు గుద్దే చోట ముందుగా తమ లోగోను చిన్నచిన్నగా వరసలు పేర్చి అచ్చు వేసేవారు, అంకెలు దాని పైన పడేవి. ఎవడైనా ఆకురాయితో పాత నంబరు గీకేస్తే లోగోలూ పోతాయి, దొంగతనం బయటపడుతుంది. దీనికి ముందు నేను చూసొచ్చిన బండిలో ఆ చోటు అద్దంలా నున్నగా ఉంది. మాట్లాడకుండా తిరిగొచ్చేశాను. ఈ బండి నంబరును పెట్రోలు గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూస్తే లోగోలన్నీ ఉన్నాయి. ఫ్యాక్టరీ పాత రికార్డులు వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు దగ్గర ఉన్నాయి. వాళ్లు పంపిన కాగితంతోనూ నంబరు సరిపోయింది.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి ఉన్నాయి. ఆయిలు డ్రెయిన్ బోల్టు తలలో సన్నటి బెజ్జం ఉంది. రేసులో అదిరి ఊడిపోకుండా తీగ చుట్టి బిగించడానికి పెట్టే బెజ్జం అది. అంటే ఎవరో ఈ బండిని రేసులో తోలారు. ఇది ఫ్యాక్టరీ పని కాదు, డూప్లికేటూ కాదు. మరి దీన్ని ఏమనాలి?

ఆ రోజుల్లో ప్రొడక్షన్ రేసులకు మూలసూత్రం ఒకటే: దుకాణంలో జనం కొనుక్కునే బండే ట్రాక్ మీదికి రావాలి. 1967లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో టీటీ అనే పేరున్న రోడ్డు రేసుల్లో మొదటిసారి ప్రొడక్షన్ టీటీ జరిగినప్పుడు 750 సీసీ తరగతిలో జాన్ హార్టిల్ గెలిచింది బోనవిల్ మీదే. 1969లో మాల్కమ్ అప్‌హిల్ ఇంకో బోనవిల్‌తో గంటకు 100.37 మైళ్ల ల్యాపు కొట్టాడు. ప్రొడక్షన్ బండి మీద అక్కడ వంద దాటడం అదే మొదలు. రేసు మొత్తం సగటు 99.99. ఆ ఒక్క పైసా తరుగు చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. అతని బండికి ఉన్న డన్‌లప్ టైరుకు ఆ తర్వాత టీటీ100 అని పేరు పెట్టారు. నా బండికీ అవే వేశాను.

అయితే ఫ్యాక్టరీలు కూడా సందు వెతికేవి. 1965లో ట్రయంఫ్ థ్రక్స్‌టన్ బోనవిల్ అనే మోడల్‌ని యాభై పైచిలుకు మాత్రమే కట్టింది, రేసు పార్టులకు అమ్మకపు సరుకనే ముద్ర పడాలని. అసలైనవి అన్నే ఉన్నప్పుడు, మామూలు బోనవిల్‌కి నాలుగు పార్టులు తగిలించి థ్రక్స్‌టన్ అని అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

1971 నుంచి 1975 దాకా వరసగా అయిదేళ్లు ప్రొడక్షన్ టీటీ గెలిచిన స్లిప్పరీ శామ్ అనే బండి, ట్రయంఫ్ వాళ్ల ట్రైడెంట్ మోడల్, మా ఇంటికి దగ్గర్లోని నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియంలో ఉంది. 1970లో ఫ్రాన్స్‌లో బోల్ డోర్ రేసులో ఆయిలు కక్కి రైడర్లను జిడ్డు చేసింది కాబట్టి ఆ పేరు. 2003లో మ్యూజియం అంటుకున్నప్పుడు శామ్ కూడా కాలిపోయింది, మళ్లీ కట్టారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎంత లోహం పాతది, ఎంత కొత్తది అని అక్కడ ఎవరూ దాచడం లేదు. ఒరిజినల్ అంటే నా లెక్కలో అదీ. ఏ చెయ్యి ఎప్పుడు పడిందో తెలియాలి.

అందుకే ప్రొడక్షన్ రేసు సూత్రాన్నే నా షెడ్డుకీ పెట్టుకున్నాను. 1969లో ఈ బండి కొన్నవాడికి దుకాణంలో ఏది దొరికేదో అదే ఉంటుంది. సైలెన్సర్లూ, రెండు పొగ గొట్టాలనూ కలిపే ఆ ఏటి అడ్డగొట్టమూ వెతికి బిగించాను. వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి, ఈ బండివే అని చీటీ రాసి పెట్టెలో పెట్టాను. అమ్మే రోజంటూ వస్తే ఆ పెట్టె కూడా బండితోనే వెళ్తుంది. పాత బండ్ల ప్రదర్శన పోటీలకు తీసుకెళ్తే మార్కులు పోతాయి, బోల్టు మార్చెయ్యమని ఒక మిత్రుడు చెప్పాడు. మార్చలేదు.

మొన్న ఆదివారం నాన్నకి ఫోన్ చేసి, స్టార్ట్ చేసి వినిపించాను. మూడో కిక్కుకి అందుకుంది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ బోల్టు దగ్గరికి ఫోను పెట్టమన్నారు. బెజ్జంలోంచి కొత్త తీగ లాగి మెలేసి ఉంది.