ఇల్లుగా మారిన బస్సుకు దారి చూపే యాప్‌లు

కార్ల కోసం రూపొందించిన నావిగేషన్ యాప్ త్వరగా చేరే దారిని వెతుకుతుందే కాని, ఆ దారిలోని వంతెన కింద నుంచి మన బస్సు వెళ్లగలదా అన్నది పట్టించుకోదు. అందుకే బండి ఎత్తు, పొడవు, బరువు నమోదు చేసుకొని తగిన దారిని ఎంచే సిజిక్ ట్రక్ వంటి యాప్‌నే నేను నమ్ముతాను. ఆ ఎత్తును పైకప్పు మీది ఏసీని, సోలార్ పలకలను కలుపుకొని స్వయంగా కొలవాలి. బస్సు కాగితాల్లోని సంఖ్య మార్పులకు ముందటిది కావచ్చు. యాప్ ఏం చెప్పినా, రోడ్డు మీది ఎత్తు పరిమితి బోర్డుదే తుది మాట.

రాత్రి బసకు చోటు వెతకడానికి ఐఓవర్‌ల్యాండర్, పార్క్‌ఫర్‌నైట్ యాప్‌లు ఎంతో ఉపయోగపడతాయి. వాటిలోని వివరాలు తోటి ప్రయాణికులు రాసినవే కనుక, రేటింగు కన్నా సమీక్ష తేదీనీ, రాసినవారి బండి పరిమాణాన్నీ చూడడం మేలు. చిన్న వ్యాన్ సులువుగా తిరిగిన చోట 12 మీటర్ల బస్సును వెనక్కి తిప్పడమే గగనమవుతుంది. ఉపగ్రహ చిత్రంలో స్థలాన్ని ముందే పరిశీలించి, వెలుతురు ఉండగానే అక్కడికి చేరుకోవాలి.